దేశం లేని జనం, కొత్త దేశంలో ఊరు ఎలా కట్టుకున్నారు? | హ్మాంగ్ శరణార్థుల కథ

ఈ రోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ ఓపెన్ చేసి, భాషల లిస్ట్‌ని ఇంగ్లీష్ అక్షరాల వరసలో కిందకి స్క్రోల్ చేయండి. హిందీ దగ్గర ఆగండి. ఆ పక్కనే ఇంకో పేరు కనిపిస్తుంది. హ్మాంగ్.

ఇది ఏ దేశం భాష? ఏ దేశానిదీ కాదు. హ్మాంగ్ వాళ్లకి ప్రపంచంలో ఎక్కడా సొంత దేశం లేదు. యాభై ఏళ్ల క్రితం వీళ్లలో చాలా మంది పెద్దవాళ్లకి ఏ భాషలోనూ చదవడం రాయడం రాదు. అలాంటి వాళ్ల భాష ఇవాళ మీ జేబులో ఉంది. మరాఠీ, హ్మాంగ్ రెండూ గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి 2013లో ఒకేసారి వచ్చాయి. మరాఠీ మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నారు, సరే. మరి హ్మాంగ్ ఎలా వచ్చింది? ఆ ప్రశ్నకి సమాధానం కావాలంటే ఒక యుద్ధం, ఒక నది, ఒక మంచు ఊరు దాటి రావాలి. పదండి.

అసలు ఎవరీ హ్మాంగ్?

వీళ్ల మూలాలు దక్షిణ చైనాలో ఉన్నాయి. 18, 19 శతాబ్దాల్లో అక్కడి ఒత్తిళ్లు తట్టుకోలేక చాలా మంది దక్షిణానికి, అంటే ఇప్పటి వియత్నాం, లావోస్, థాయ్‌లాండ్ కొండల్లోకి వచ్చేశారు. లావోస్ కొండల్లో వీళ్లు చేసింది పోడు వ్యవసాయం. మన మన్యంలో పోడు చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. అడవిలో ఒక చెక్క కొట్టి, కాల్చి, వరి, మొక్కజొన్న వేస్తారు. నేల సారం తగ్గాక ఇంకో చోటికి వెళ్తారు.

వీళ్ల సమాజానికి వెన్నెముక వంశం. వాంగ్, యాంగ్, లీ, షియాంగ్, థావ్, మువా... ఇలా దాదాపు 18 వంశాలు. ఒకే వంశం వాళ్లు పెళ్లి చేసుకోకూడదు, వాళ్లు అన్నాచెల్లెళ్లతో సమానం. మన గోత్రం లాంటిదే అనుకోండి. కాకపోతే మనం గోత్రాన్ని పెళ్లి చూపులప్పుడు, గుళ్లో అర్చన చేయించినప్పుడు మాత్రమే గుర్తు తెచ్చుకుంటాం. వాళ్లకి అది ఇన్సూరెన్స్ పాలసీ లాంటిది. ఎక్కడో తెలియని ఊళ్లో దిగి 'నేనూ వాంగ్‌నే' అంటే చాలు, ఆ పూటకి అన్నం, పడుకోడానికి చోటు దొరుకుతాయి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. కథ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

ఎవరికీ చెప్పని యుద్ధం

1960ల్లో వియత్నాం యుద్ధం పక్కనే లావోస్‌లో ఇంకో యుద్ధం జరిగింది. 1962లో జెనీవాలో లావోస్ తటస్థ దేశం అని ఒప్పందం రాసుకున్నారు. అంటే బయటి సైన్యాలు అక్కడ ఉండకూడదు. ఉత్తర వియత్నాం దాన్ని పట్టించుకోలేదు. అమెరికా ఏమో సైన్యాన్ని పంపకుండా సీఐఏని పంపింది. సీఐఏ కొండల్లో ఉన్న హ్మాంగ్ యువకులకి తుపాకులిచ్చింది. వాళ్ల నాయకుడు జనరల్ వాంగ్ పావ్. లాంగ్ టియెంగ్ అనే లోయలో స్థావరం పెట్టారు. కూలిపోయిన అమెరికన్ విమానాల పైలట్లని కాపాడటం, హో చి మిన్ దారిలో వెళ్లే సరుకుని అడ్డుకోవడం, నేల మీద ఎదురు నిలిచి పోరాడటం వీళ్ల పని. పెద్దవాళ్లు చచ్చిపోతుంటే పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లల చేతికి కూడా తుపాకీ వచ్చింది. వేల మంది చనిపోయారు.

పై నుంచి అమెరికా వేసిన బాంబుల లెక్క వినండి. 1964 నుంచి 1973 వరకు 20 లక్షల టన్నులకు పైగా. 5 లక్షల 80 వేల బాంబింగ్ మిషన్లు. సగటున ప్రతి 8 నిమిషాలకి ఒక విమానం నిండా బాంబులు, రాత్రీ పగలూ, తొమ్మిదేళ్లు. అవన్నీ పడింది మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిపితే వచ్చే విస్తీర్ణం కంటే చిన్న దేశం మీద.

1975లో అమెరికా వెళ్లిపోయింది. మే 14న వాంగ్ పావ్‌ని విమానంలో తీసుకెళ్లారు. ఆయనతో పాటు కొద్ది వేల మందికి మాత్రమే సీటు దొరికింది. మిగతావాళ్లు రన్‌వే పక్కన మూటలతో నిలబడి ఇంకో విమానం వస్తుందని ఎదురు చూశారు. అది రాలేదు.

నది దాటడం

గెలిచిన ప్రభుత్వం దృష్టిలో వీళ్లు శత్రువులు. దాంతో కట్టుబట్టలతో అడవిలో నడక మొదలైంది. లావోస్‌కి, థాయ్‌లాండ్‌కి మధ్య మెకాంగ్ నది ఉంటుంది. కొండల్లో పుట్టినవాళ్లకి ఈత రాదు. వెదురు బొంగులు, అరటి బోదెలు, టైరు ట్యూబులు పట్టుకుని, రాత్రిపూట, కాల్పుల మధ్య దాటారు. పసిపిల్లలు ఏడిస్తే సైనికులకి తెలిసిపోతుందని నోట్లో కాస్త నల్లమందు వేసేవాళ్లు. కొందరు పిల్లలు మళ్లీ లేవలేదు. ఆ తల్లుల గురించి నేను ఇంతకంటే చెప్పలేను.

దాటినవాళ్లకి థాయ్‌లాండ్‌లో బాన్ వినాయ్ లాంటి క్యాంపులు దొరికాయి. కొందరు అక్కడ పదేళ్లకి పైనే ఉండిపోయారు. పొలం లేదు, పని లేదు. ఆడవాళ్ల చేతుల్లో మిగిలింది సూది దారం. వీళ్లకి తరతరాలుగా 'పాన్ డౌ' అనే కుట్టుపని ఉంది. పూల గుడ్డ అని అర్థం. అంతకుముందు దాని మీద రేఖలు, చుట్టలు, నత్త గుల్ల లాంటి డిజైన్లు ఉండేవి. క్యాంపుల్లో మొదటిసారి దాని మీద మనుషులు వచ్చారు. ఊరు, పొలం, పైన విమానం, కింద పరిగెత్తే జనం, మధ్యలో నీలం దారంతో నది. వీటిని కథల గుడ్డలు అంటారు. అవి అమ్ముడుపోయి డబ్బులు తెచ్చాయి. రాయడం రాని వాళ్ల చరిత్ర పుస్తకం కూడా అవే అయ్యాయి.

'సమానంగా పంచేద్దాం'

ఇప్పుడు అమెరికా. శరణార్థులని తీసుకోవడానికి అక్కడి ప్రభుత్వం ఒక లాజిక్ పెట్టుకుంది. అందరినీ ఒకే చోట దించితే ఆ ఊరి మీద భారం పడుతుంది. కాబట్టి దేశమంతా చెదరగొడదాం. ఒక్కో కుటుంబానికి ఒక స్పాన్సర్, ఎక్కువగా ఏదో ఒక చర్చి. దాంతో హ్మాంగ్ వాళ్లు 25 రాష్ట్రాల్లో 50కి పైగా ఊళ్లలో పడ్డారు.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని లోడ్ బ్యాలెన్సింగ్ అంటాం. పనిని అన్ని సర్వర్లకి సమానంగా పంచడం. సర్వర్లకి అది కరెక్టే. మరి మనుషుల సంగతి? కుటుంబం అంటే అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు అని అమెరికా ఫారంలో ఉంది. హ్మాంగ్ వాళ్లకి కుటుంబం అంటే తాత, అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, వంశం పెద్ద. ఆ ఫారంలో పట్టని వాళ్లందరూ వేరే రాష్ట్రాలకి వెళ్లిపోయారు. పుట్టుక, పెళ్లి, చావు... ఏ కార్యం చేయాలన్నా వంశం వాళ్లు కావాలి. హ్మాంగ్ అంత్యక్రియలు రోజుల తరబడి జరుగుతాయి. చనిపోయిన మనిషి ఆత్మని పుట్టిన చోటికి దారి చూపిస్తూ తీసుకెళ్లే పాట ఉంటుంది. అది వచ్చినవాడు పక్క రాష్ట్రంలో ఉంటే? ఆ ఆత్మ దారి తప్పినట్టే అని వాళ్ల భయం.

పైగా చలి, రాని భాష. గ్యాస్ స్టవ్, ఫ్లష్, ట్రాఫిక్ లైటు అన్నీ ఒకేసారి కొత్త. అదే సమయంలో ఇంకో వింత విషాదం జరిగింది. 1977 నుంచి ఒక పదేళ్లలో అమెరికాలో ఆగ్నేయాసియా శరణార్థులు వందకు పైగా నిద్రలోనే చనిపోయారు. దాదాపు అందరూ వయసులో ఉన్న మగవాళ్లు, చాలా మంది హ్మాంగ్ వాళ్లు. అంతకుముందు ఏ జబ్బూ లేదు. చాలా కాలం తర్వాత డాక్టర్లు దీన్ని గుండె కొట్టుకునే లయ దెబ్బతినే బ్రుగాడా సిండ్రోమ్ అనే జన్యు సమస్యతో ముడిపెట్టారు. హారర్ సినిమాలు చూసేవాళ్లకి 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' తెలిసే ఉంటుంది. నిద్రలో చనిపోతున్న శరణార్థుల గురించి పేపర్లో వచ్చిన వార్తలు చదివాకే ఆ ఐడియా వచ్చిందని డైరెక్టర్ వెస్ క్రేవెన్ చెప్పాడు. ప్రపంచానికి అది పాప్‌కార్న్ సినిమా. వాళ్లకి అది పక్కింట్లో శవం.

వాళ్లే మళ్లీ ఒకటయ్యారు

అప్పుడు హ్మాంగ్ కుటుంబాలు ఒక పని చేశాయి. ఎవరూ ఆర్డర్ వేయలేదు, స్కీమ్ ఏమీ లేదు. పాత కార్లలో సామాన్లు వేసుకుని, తమవాళ్లు ఎక్కడ ఉన్నారో అక్కడికి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. 1982లో శరణార్థులకి ఇచ్చే ప్రత్యేక సాయాన్ని 36 నెలల నుంచి 18 నెలలకి తగ్గించారు. దాంతో ఈ కదలిక ఇంకా పెరిగింది. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో, మెర్సెడ్. మిన్నెసోటాలో సెయింట్ పాల్. విస్కాన్సిన్‌లో చిన్న చిన్న ఊళ్లు. సెయింట్ పాల్‌లో సంవత్సరంలో అయిదు నెలలు మంచు ఉంటుంది. అయినా వెళ్లారు. ఎందుకంటే అక్కడ 'మనవాళ్లు' ఉన్నారు.

అధికారులకి ఇది తలనొప్పి. 'మేం పంచాం, మీరు మళ్లీ ఒక చోట చేరుతున్నారేంటి?' అన్నట్టు. కానీ నా పాయింట్ ఇదే ఫ్రెండ్స్. ఇల్లు స్పాన్సర్ ఇవ్వగలడు, దుప్పటి చర్చి ఇవ్వగలదు, చెక్కు ప్రభుత్వం ఇవ్వగలదు. ఊరు మాత్రం ఎవరూ ఇవ్వలేరు. దాన్ని వాళ్లే కట్టుకోవాలి. కట్టుకోవాలంటే ముందు ఒక చోట ఉండాలి.

దీనికి ఒక పోలిక కూడా ఉంది. దక్షిణ అమెరికాలో ఫ్రాన్స్ కింద ఉన్న ఫ్రెంచ్ గయానా. 1977లో కొన్ని వందల మంది హ్మాంగ్ శరణార్థులని అక్కడి కకావ్ అనే చోట, అడవి మధ్యలో దించారు. తర్వాత జావుయేలో ఇంకో ఊరు. అమెరికాతో పోలిస్తే డబ్బు తక్కువ, సౌకర్యాలు తక్కువ. కానీ రెండు విషయాలు తేడా. అందరినీ కలిపి ఉంచారు, సాగు చేసుకోడానికి నేల ఇచ్చారు. అడవి కొట్టి పొలం చేయడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా! ఇవాళ అక్కడి జనాభాలో హ్మాంగ్ వాళ్లు కొద్ది మందే. కానీ అక్కడ పండే కూరగాయలు, పండ్లలో సగానికి పైగా వాళ్లవే.

పిల్లాడే ట్రాన్స్‌లేటర్

మళ్లీ అమెరికా వద్దాం. ఇళ్ల లోపల ఏం జరిగిందో చూద్దాం. స్కూల్లో వేసిన పిల్లలకి ఏడాదిలో ఇంగ్లీష్ వచ్చేసింది. అమ్మానాన్నలకి రాలేదు. దాంతో తొమ్మిదేళ్ల పిల్ల కరెంటు బిల్లు చదువుతుంది, ఇంటి ఓనర్‌తో మాట్లాడుతుంది, హాస్పిటల్లో డాక్టర్ చెప్పింది నాన్నకి చెబుతుంది. యుద్ధంలో నలభై మందిని నడిపించిన మనిషి, కూతురు పక్కన లేకపోతే మందుల షాపుకి వెళ్లలేడు. ఇంట్లో పెద్దరికం తలకిందులైంది. పిల్లలకీ అది బరువే. నాన్నకి ఏ జబ్బు వచ్చిందో నాన్న కంటే ముందు తెలియడం చిన్న విషయమా?

ఈ గ్యాప్ ఎంత దూరం తీసుకెళ్లిందో మెర్సెడ్‌లో తెలిసింది. 1982లో ఒక హ్మాంగ్ కుటుంబంలో పుట్టిన పాపకి ఫిట్స్ వచ్చేవి. డాక్టర్ల లెక్కలో అది మూర్ఛ రోగం. తల్లిదండ్రుల లెక్కలో పాప ఆత్మ భయపడి శరీరం వదిలి వెళ్లింది, దాన్ని పిలవాలి. ట్రాన్స్‌లేటర్ లేడు. మందులు మాటిమాటికీ మారుతున్నాయి, లేబుల్ చదవడం రాదు. మందులు సరిగా వేయట్లేదని పాపని కొన్నాళ్లు వేరే ఇంట్లో పెట్టారు. 1986లో పెద్ద ఫిట్ వచ్చి మెదడు దెబ్బతింది. ఎక్కువ రోజులు బతకదని డాక్టర్లు అనుకున్నారు. ఆ తల్లిదండ్రులు ఇంట్లోనే పెట్టుకుని, 2012 వరకు, అంటే ఇంకో 26 ఏళ్లు కంటికి రెప్పలా చూసుకున్నారు. యాన్ ఫాడిమన్ అనే రచయిత్రి దీని మీద 1997లో 'ద స్పిరిట్ క్యాచెస్ యూ అండ్ యూ ఫాల్ డౌన్' అనే పుస్తకం రాశారు. అందులో విలన్ లేడు. డాక్టర్లూ పాప బాగు కోసమే కష్టపడ్డారు, అమ్మానాన్నా అంతే. మధ్యలో మాట లేదు, అంతే తేడా. ఇప్పుడు అమెరికాలో చాలా మెడికల్ కాలేజీల్లో ఆ పుస్తకం చదివిస్తారు. అదే మెర్సెడ్‌లో ఒక హాస్పిటల్, హ్మాంగ్ ఆత్మ వైద్యులు రోగి మంచం దగ్గరికి వచ్చి తమ పూజ చేసుకునేలా రూల్స్ పెట్టింది.

చేతికి తెలిసిన పని

పెద్దవాళ్లకి డిగ్రీ లేదు, భాష లేదు. కానీ నేల తెలుసు. ఖాళీ స్థలాలు కౌలుకి తీసుకుని కూరగాయలు వేశారు. ఇవాళ సెయింట్ పాల్, మినియాపోలిస్ రైతుబజార్లలో సగం దాకా హ్మాంగ్ రైతులే. కాకరకాయ, పొడుగు చిక్కుడు, ఘాటు మిర్చి, కొత్తిమీర... ఆ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లకి ఇవన్నీ ఎంత సంతోషమో చెప్పక్కర్లేదు. 2004లో సెయింట్ పాల్‌లో ఒక పాత కలప డిపోని హ్మాంగ్‌టౌన్ మార్కెట్‌ప్లేస్‌గా మార్చారు. ఒక చిన్న కొట్టు అద్దెకి తీసుకుని వ్యాపారం మొదలుపెట్టిన అమ్మమ్మలు అక్కడ ఎంతమందో. 2011లో రైతులు ఒక సంఘం పెట్టుకున్నారు. 155 ఎకరాల పొలం ముందు కౌలుకి చేసి, తర్వాత సొంతం చేసుకున్నారు. యాభై ఏళ్లలో మొదటిసారి 'పొమ్మని' ఎవరూ అనలేని నేల అది.

పౌరసత్వం ఇంకో గొడవ. పరీక్ష ఇంగ్లీష్‌లో. అమెరికా కోసం కాలు పోగొట్టుకున్న మనిషి, ఇంగ్లీష్ రాక అమెరికా పౌరుడు కాలేకపోయాడు. చివరికి 2000లో ఒక చట్టం వచ్చింది. లావోస్‌లో పోరాడిన వాళ్లు, వాళ్ల భార్యలు ఇంగ్లీష్ లేకుండా, దుబాసీ సాయంతో పరీక్ష రాయొచ్చు అని. అంతకు మూడేళ్ల ముందే, 1997లో, ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో వాళ్ల పేరుతో ఒక స్మారక ఫలకం పెట్టారు. రహస్య యుద్ధం అప్పటికి రహస్యం కాకుండా పోయింది.

రెండోసారి వచ్చినప్పుడు

2004లో ఇంకో బ్యాచ్ వచ్చింది. థాయ్‌లాండ్‌లో వాట్ థామ్ క్రబోక్ అనే బౌద్ధ ఆశ్రమం పక్కన ఏళ్ల తరబడి ఉండిపోయిన దాదాపు 15 వేల మంది. ఈసారి తేడా చూడండి. సెయింట్ పాల్ మేయరే ఒక బృందంతో అక్కడికి ముందే వెళ్లి, పిల్లలకి ఏ క్లాసు కావాలి, ఆరోగ్యం ఎలా ఉంది అని చూసుకున్నారు. ఎయిర్‌పోర్టులో దిగితే ఎదురుగా బంధువులు. హ్మాంగ్ మాట్లాడే టీచర్లు, నర్సులు, లాయర్లు. 1976లో వచ్చినవాళ్లకి దొరకనివన్నీ, 1976లో వచ్చినవాళ్లే కట్టి పెట్టారు.

ఆ రెండో తరం, మూడో తరం గురించి మీకు తెలిసే ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ ఆల్‌రౌండ్ బంగారు పతకం గెలిచిన సూనీ లీ సెయింట్ పాల్ అమ్మాయే. ప్రాక్టీస్ కోసం బీమ్ కొనే స్తోమత లేక, నాన్న ఇంటి పెరట్లో చెక్కతో బీమ్ చేసిచ్చాడు. 2002లో మీ మువా మిన్నెసోటా సెనేట్‌కి ఎన్నికయ్యారు. 2025లో కావ్‌లీ హెర్ సెయింట్ పాల్ మేయర్‌గా గెలిచారు.

అలాగని 'అందరూ సెటిల్ అయిపోయారు' అనుకోవద్దు. 1990 లెక్కల్లో అమెరికాలోని హ్మాంగ్ వాళ్లలో 60 శాతానికి పైగా పేదలు. ఇప్పుడు బాగా తగ్గింది, కానీ ఆసియన్ల సగటు కంటే ఇంకా ఎక్కువే. అమెరికాలో చాలా ఫారాల్లో 'ఏషియన్' అని ఒకే గడి ఉంటుంది. బీటెక్ చేసి, ఐ-20 పట్టుకుని, ఫ్లైట్ ఎక్కేటప్పుడు అమ్మ పచ్చడి ప్యాక్ చేసిచ్చిన మనవాడూ అదే గడిలో, మెకాంగ్ దాటి వచ్చిన తాత మనవడూ అదే గడిలో. సగటు తీస్తే రెండోవాడు కనిపించడు.

ఇంకో చేదు విషయం. పసివయసులో వచ్చి, పౌరసత్వం తీసుకోకుండా ఉండిపోయి, ఎప్పుడో పాత కేసులో శిక్ష పడిన వాళ్లని 2025లో లావోస్‌కి పంపించేశారు. వాళ్లలో కొందరు పుట్టింది థాయ్ క్యాంపుల్లో. లావోస్‌ని ఒక్కసారి కూడా చూడలేదు. ఏ దేశం నుంచి తాత పారిపోయాడో, అదే దేశానికి మనవడు డిపోర్ట్.

మళ్లీ ఫోన్ దగ్గరికి

ఇక మొదటి ప్రశ్న. ఈ భాష ఫోన్‌లోకి ఎలా వచ్చింది? 1950ల్లో మిషనరీలు, హ్మాంగ్ వాళ్లు కలిసి దీనికి రోమన్ లిపి తయారు చేశారు. హ్మాంగ్‌లో ఒకే మాట స్వరం మారితే అర్థం మారిపోతుంది. ఆ స్వరాన్ని చూపించడానికి మాట చివర ఒక అక్షరం పెడతారు, దాన్ని పలకరు. అంటే మామూలు కీబోర్డులో, ప్రత్యేక గుర్తులు లేకుండా మొత్తం టైప్ చేయొచ్చు. క్యాంపులో ఉన్న తల్లికి అమెరికా నుంచి కొడుకు రాసిన ఉత్తరాలు ఈ లిపిలోనే వెళ్లాయి. 1959లో షాంగ్ లూ యాంగ్ అనే, అక్షరాలు రాని ఒక రైతు సొంతంగా పహావ్ అనే ఇంకో లిపి తయారు చేశాడు. ఆయన్ని 1971లో చంపేశారు. ఆ లిపి 2014లో యూనికోడ్‌లో చేరింది. 2012లో మైక్రోసాఫ్ట్ ట్రాన్స్‌లేటర్‌లోకి హ్మాంగ్ వచ్చింది. దానికి వాక్యాలు ఇచ్చి, తప్పులు దిద్దింది ఎవరో తెలుసా? ఫ్రెస్నోలో ఉన్న హ్మాంగ్ వాళ్లు, అక్కడి యూనివర్సిటీ వాళ్లతో కలిసి.

ఫ్రెస్నో. చెదరగొడితే మళ్లీ వచ్చి కలుసుకున్న ఊరు. వాళ్లు 50 ఊళ్లలో ఒక్కొక్కరుగా ఉండిపోయి ఉంటే ఈ పని ఎవరు చేసేవారు?

ఈసారి ఏదో ఒక దేశం నుంచి శరణార్థులు వచ్చారని న్యూస్ చూసినప్పుడు, 'ఎంతమంది వచ్చారు' అనే లెక్కతో పాటు ఇంకొకటి కూడా చూడండి. వాళ్లని కలిపి ఉంచారా, విడగొట్టారా?

మీ ఊళ్లో ఎక్కడి నుంచో వచ్చి, ఒక కాలనీగా నిలదొక్కుకున్న వాళ్లు ఉంటే, వాళ్ల కథ కామెంట్స్‌లో రాయండి. నేను చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటివరకు ఉంటాను మరి, బై.